ఈస్టర్ తేదీ ఏటా ఎందుకు మారుతుంది? లెక్క తప్పినవాడి జవాబు

"క్రిస్మస్ డిసెంబర్ 25 దాటదు, ఈస్టర్ మాత్రం ఏటా ఎందుకు మారుతుంది?" అని అడిగారు. ఈ విషయంలో రైలు టికెట్టు డబ్బులు పోగొట్టుకున్నవాణ్ణి కాబట్టి చెప్తాను.

మా నాయనమ్మ ఈస్టర్ కోసం క్యాలెండర్ వెతికేది కాదు. మార్చి మూడో వారం దాటాక వచ్చే మొదటి పున్నమి, దాని వెనకే వచ్చే ఆదివారం, అంతే. యేసును సిలువ వేసింది యూదుల పస్కా పండుగ రోజుల్లో, పస్కా పున్నమికి వస్తుంది; ఆ తరవాతి ఆదివారం ఆయన తిరిగి లేచాడనే ఈస్టర్. అందుకే ఈ ముడి. మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 దాకా ఎప్పుడైనా రావచ్చు.

2025లో చైత్ర పౌర్ణమి ఏప్రిల్ 12, శనివారం. ఇంకేముంది, 13న ఈస్టర్ అని తేల్చేసి తెనాలికి టికెట్టు తీశాను. ఆఫీసు సెలవుల జాబితా కూడా చూడలేదు, మన పండుగ మనకు తెలియదా అని పొగరు. ఈస్టర్ వేకువన మావాళ్ల సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తాం కదా, తెల్లవారుజామున స్టేషన్ నుంచి నేరుగా సమాధుల తోటకి వెళ్తే గేటుకి తాళం. ఒక్క సమాధికీ సున్నం వేయలేదు. చేతిలో కొవ్వొత్తులు, బంతిపూలు. పడమటి దిక్కున నిండు చంద్రుడు, నా లెక్క తప్పలేదన్నట్టు. కాపలా ఆయన లేచొచ్చి, "ఈస్టర్ వచ్చే వారం కదండీ, ఇవాళ మట్టల ఆదివారం" అన్నాడు. ఇంటికెళ్తే అమ్మ నవ్వి నవ్వి కూర్చుండిపోయింది.

తరవాత తెలిసిందేంటంటే, చర్చి ఆకాశం చూడదు, పాత పట్టిక చూస్తుంది. ఆ పట్టికలో పున్నమి 13న, ఆదివారమే. పున్నమి ఆదివారం పడితే పండుగ తరవాతి ఆదివారానికి జరుగుతుంది. 325లో నైసియాలో కూడిన బిషప్పుల సభ అందరూ ఒకే రోజు చేసుకోండని చెప్పింది. కానీ తరవాత క్యాలెండర్ మారినప్పుడు, తూర్పు సంఘాలు (గ్రీసు, రష్యా లాంటి చోట్ల ఉన్న ఆర్థడాక్స్ చర్చిలు) ఈస్టర్ లెక్కకి పాత జూలియన్ క్యాలెండర్ వదల్లేదు. 2024లో మనది మార్చి 31, వాళ్లది మే 5!

ఇక క్రిస్మస్. బైబిల్లో తేదీయే లేదు. డిసెంబర్ 25 రోములో 336 నాటి జాబితాలో కనిపిస్తుంది. అది సూర్యదేవుడి పండుగ, కాజేశారు అని ఏటా వాట్సాప్‌లో పంపేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. మార్చి 25న గర్భధారణ అని నమ్మి తొమ్మిది నెలలు కలిపారన్న వాదమూ ఉంది, నా ఓటు దానికే.

20కి మళ్లీ వెళ్దామంటే అన్నీ వెయిటింగ్ లిస్టే. నా కొవ్వొత్తులు అమ్మే వెలిగించింది, వీడియో కాల్‌లో చూశాను. నాయనమ్మ సమాధి పైన సగం అరిగిపోయిన చంద్రుడు.