పిల్లలు చదవడం లేదా, చదవలేకపోతున్నారా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే మాటతో మొదలయ్యాయి: "మా పిల్లలకు చదవడమంటే ఇష్టం లేదు." ఉత్తరం చివరిదాకా చూస్తే అది ఇష్టం సంగతి కాదు, కష్టం సంగతి. అక్షరం అక్షరం కూడబలుక్కునే పిల్లకు కథ రుచి ఎలా తెలుస్తుంది? అందుకే ఈసారి ఆ కష్టం ఎక్కడుందో వెతికే జవాబులే ఎక్కువ.

ప్ర: మా అబ్బాయి ఇంగ్లీషు మీడియంలో మూడో తరగతి. అ ఆ ల నుంచి బండి ఱ దాకా గడగడా చెబుతాడు. క గుణింతం పాటలా అప్పజెబుతాడు. తెలుగు వాచకం తెరిస్తే మాత్రం బొమ్మ చూసి ఏదో ఊహించి చెబుతాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక తల్లి, సిద్దిపేట

జ: వరస నోటికి వచ్చింది, అక్షరం కంటికి రాలేదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే చాలా ఇళ్లలో ఏడాదులు గడిచిపోతాయి.

ముందు ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయండి. మొదటి గడిలో వరస తప్పించి 12 అక్షరాలు రాయండి. రెండో దానిలో గుణింతాలు 12, అవి కూడా కలగాపులగంగా: తి, గూ, మే, పొ, రా ఇలా. మూడో దానిలో ఒత్తులున్న మాటలు 10. నాలుగో దానిలో నాలుగు చిన్న వాక్యాలు. బొమ్మ ఉండకూడదు. చదివించేటప్పుడు దిద్దకండి, ముఖం చిట్లించకండి. ఏ గడిలో రెండు కంటే ఎక్కువ తప్పులు పోయాయో పని అక్కడే మొదలు. కంఠతా పట్టి చదువుతున్నాడని అనుమానం వస్తే నాలుగో గడిని చివరి వాక్యం నుంచి పైకి చదివించండి. గుట్టు బయటపడుతుంది.

మొదటి గడిలోనే ఆగితే 56 అక్షరాలూ ఒకేసారి నేర్పించాలని చూడకండి. ఙ, ఞ, ఛ, ఝ, ఌ వంటివి ఏడాది ఆగినా కొంప మునగదు. త, ల, ప, క, ర, మ, న, వ, గ, డ, ట, స, బ, చ, ద, జ చాలు. వీటితోనే తల, వల, పడవ, గడప, కలప, నగ లాంటి మాటలు వస్తాయి. మాట వస్తేనే పిల్లాడికి చదివానన్న తృప్తి. ప, వ, మ ఒకే రోజు చెప్పకండి. ఆకారాలు దగ్గర, కలగలిసిపోతాయి.

చాలామంది ఆగిపోయేది గుణింతం దగ్గర. క కా కి కీ అని నిలువునా పాడిస్తే తరవాతి అక్షరం ఏమొస్తుందో పాటే చెప్పేస్తుంది, కన్ను పని చేయదు. ఒక్క గుర్తును పట్టుకుని అడ్డంగా వెళ్లండి. ఒక వారమంతా దీర్ఘమే: కా, తా, పా, మా, జా, చా. వెంటనే మాటలు: తాత, పాప, పాట, జామ, చాప, కాకర. మరుసటి వారం గుడి: చిలక, గిలక, పిడక. ఆ తరవాత కొమ్ము: పులి, గుడి, పులుసు. కొమ్ముతో ఒక చిక్కుంది. ప, వ లకు అది పక్కన కాక కిందికి వస్తుంది: పు, వు. వ పక్కనే కొమ్ము పెడితే మ అయిపోతుందని రాసి చూపించండి. పిల్లలకు ఈ కిటుకు భలే నచ్చుతుంది, మళ్లీ మరిచిపోరు. మొ, యొ లు కూడా తక్కినవాటిలా ఉండవు, విడిగా చూపించాలి.

ఒత్తుల్లో ముందు ద్విత్వాలు: అక్క, గడ్డి, చెట్టు, బొబ్బ. ఇక్కడ ఒత్తుకు మూల అక్షరం పోలిక కనిపిస్తుంది. త, న, మ, య, ర, ల ఒత్తులకు ఆ పోలిక ఉండదు కాబట్టి వాటికి వేరే చీటీలు చేయండి. "తండ్రి"ని "తండిర" అని చదివితే కోప్పడకండి. గుడి డ మీద కూర్చుంది, దాని శబ్దం మాత్రం ర తరవాత వస్తుంది. కంటికి ముందు డి కనిపించింది, వాడు చదివాడు. "ముందు పై అక్షరం, తరవాత ఒత్తు, ఆఖరున గుర్తు" అని వేలితో చూపిస్తూ 10 మాటలు చదివిస్తే సర్దుకుంటుంది.

రోజుకు 15 నిమిషాలు మించొద్దు. పాత శుభలేఖల వెనక రాసిన చీటీలతో 3 నిమిషాలు, కొత్త గుర్తుతో 5 నిమిషాలు. మిగిలిన 7 నిమిషాలు మీరు కథ చదవాలి, వాడు వినాలి. అలసిపోయి వచ్చిన రోజు మొదటి రెండూ మానేయండి గానీ మూడోది మానకండి.

ప్ర: ఒక పుస్తకం చదివితే అరగంట ఫోన్ ఇస్తానని మా అమ్మాయితో ఒప్పందం చేసుకున్నాను. తప్పా?
– గుంటూరు

జ: తప్పని కాదు గానీ బేరం తిరగబడుతుంది. చదవడం కూలి, ఫోన్ జీతం అయిపోతుంది. పలచని పుస్తకం ఏరుకుని పేజీలు తిప్పేసి "అయిపోయింది" అంటుంది. ఇవ్వాలనుకుంటే పుస్తకాన్నే ఇవ్వండి: చదివింది నచ్చితే తరవాతి పుస్తకం తనే ఎంచుకోవచ్చు, రాత్రి మరో పావుగంట దీపం ఉంచుకోవచ్చు.

ప్ర: మాది ప్రాథమిక పాఠశాల. 3, 4, 5 తరగతులు కలిపి 24 మంది ఉన్నారు. కొందరు కథ చదువుతారు, కొందరికి అక్షరాలే రావు. నిమిషానికి 60 మాటలు చదివించాలంటున్నారు. ఒక్కడినే, ఎలా?
– ఉపాధ్యాయుడు, వనపర్తి జిల్లా

జ: ఆ 60 మాటల లెక్క 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్‌ది. మూడో తరగతి ముగిసేసరికి తెలియని పాఠాన్ని అర్థం చేసుకుంటూ కనీసం అంత వేగంతో చదవాలన్నది లక్ష్యం. తెలుగులో మాటల లెక్కతో జాగ్రత్త. "చదువుకుంటున్నప్పుడు" ఒకటే మాట, ఎనిమిది అక్షరాలు. "ఇల్లు" కూడా ఒకటే మాట. కాబట్టి ఒకే పిల్లవాడి వేగాన్ని ఈ నెలకూ పై నెలకూ పోల్చాలంటే ఇంచుమించు ఒకే అక్షర సంఖ్య ఉన్న రెండు పేరాలు తీసుకోండి. గడియారం పెట్టినట్టు పిల్లలకు తెలియనివ్వకండి. తెలిస్తే పరుగు మొదలెడతారు, అర్థం గాలికి పోతుంది.

పిల్లలను తరగతిని బట్టి కాక స్థాయిని బట్టి విడదీయండి. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వేలో వాడే మెట్లు సరిపోతాయి: అక్షరం, మాట, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ. ఒక్కొక్కరికీ మూడు నాలుగు నిమిషాల చొప్పున రెండు రోజుల్లో 24 మందినీ చూడొచ్చు. తెలంగాణ బడుల్లో చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం పెట్టిన తొలిమెట్టు కార్యక్రమానికి రాసుకున్న వివరాలు మీ దగ్గర ఉంటే మళ్లీ మొదటి నుంచి పరీక్షించనక్కర్లేదు, అనుమానం ఉన్నవాళ్లను చూస్తే చాలు.

తరవాత రోజుకు ఒక గంట. మొదటి 10 నిమిషాలు మీరు అందరికీ ఒక కథ చదివి వినిపించండి. తరవాతి 25 నిమిషాలు మీరు అక్షరం, మాట మెట్ల వాళ్ల దగ్గర నేల మీద కూర్చోండి. పైమెట్ల వాళ్లు సొంతంగా పుస్తకాలు చదువుకుంటారు. ఆ తరవాత 15 నిమిషాలు జంట చదువు. మిగిలిన పది నిమిషాల్లో చదివినదాని గురించి ఒక్క వాక్యం రాయడమో ఒక బొమ్మ గీయడమో.

జంటలు కట్టేటప్పుడే ఎక్కువ పొరపాటు జరుగుతుంది. అందరికంటే బాగా చదివే పిల్లను అందరికంటే వెనకబడ్డ పిల్లతో కూర్చోబెడతారు. మొదటి పిల్లకు విసుగు, రెండో పిల్లకు అవమానం. చదివే తీరును బట్టి 1 నుంచి 24 దాకా వరస రాసుకుని సగానికి విడగొట్టండి. 1కి 13, 2కి 14, అలా 12కి 24. తేడా ఉంటుంది గానీ అగాధం ఉండదు. ముందు పైవాళ్లు ఒక పేరా చదవాలి, రెండోవాళ్లు వేలు పెట్టి చూడాలి, తరవాత అదే పేరా రెండోవాళ్లు చదవాలి. తడబడితే ఐదు లెక్కపెట్టేదాకా ఆగి అప్పుడు మాట అందించాలి. ఈ ఐదు లెక్క నేర్పకపోతే పక్కవాళ్లే మొత్తం చదివేస్తారు.

ఉపాధ్యాయుడు చెప్పడం, పిల్లలంతా ఒక్క గొంతుతో అనడం అనే పద్ధతిని పద్యాలకు ఉంచుకోండి. గద్యానికి వాడితే ముందు వరసలో ముగ్గురు చదువుతారు, మిగతావాళ్లు వాళ్ల గొంతు వెనక నడుస్తారు.

రెండు వారాలకోసారి మళ్లీ చూసి గుంపులు మార్చండి. మార్చకపోతే నెల తిరిగేసరికి కిందిమెట్టుకు ఒక పేరు పడుతుంది. ఆ పేరు మీరు పెట్టక్కర్లేదు, పిల్లలే పెట్టేస్తారు.

ప్ర: మా బడిలో నాలుగో తరగతి పిల్లలు కొందరు తప్పు లేకుండా చదువుతారు. "ఏం చదివావు?" అంటే నోరు తెరవరు.
– ఉపాధ్యాయురాలు, పాడేరు

జ: దీనికి రెండు కారణాలుంటాయి, మందు ఒకటి కాదు. ఒకటి, చదివే వేగం చాలా తక్కువ. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతారు. వీళ్లకు 80 నుంచి 100 అక్షరాల పేరా ఒకటి ఇచ్చి రోజుకు మూడుసార్లు చొప్పున నాలుగు రోజులు అదే చదివించండి. ప్రతి పది మాటలకూ ఒకటి కంటే ఎక్కువ తప్పు పోతోందంటే పేరా బరువైందని అర్థం, తేలికది వెతకండి.

రెండో కారణం మాట. మీ ప్రాంతంలో ఇంట్లో కువి, కొండ, ఆదివాసీ ఒడియా భాషలు మాట్లాడే పిల్లలు ఉంటారు. వాళ్లు గుర్తులను శబ్దాలుగా మార్చడం నేర్చుకున్నారు, ఆ శబ్దాల వెనక మాట లేదు. తెలుగు ఇంట్లో పెరిగిన పిల్లలకూ కొంతవరకు ఇదే ఇబ్బంది. ఇంట్లో "పొరక" అనే పిల్లకు పుస్తకంలో "చీపురు" కొత్త మాటే. చదవకముందే బొమ్మలు చూపిస్తూ కథలోని ఐదారు ముఖ్యమైన మాటలను ఇంటి భాషలో ఏమంటారో పిల్లలనే చెప్పమనండి. పాఠం గురించి కూడా ముందు ఇంటి భాషలో మాట్లాడనివ్వండి. కోయ, కువి, సవర వంటి భాషల్లో తెలుగు లిపితోనే వాచకాలు వచ్చాయి. మీ బడి బీరువాలో ఉన్నాయేమో చూడండి.

"ఏం చదివావు?" అన్న ప్రశ్న పరీక్షలా వినిపిస్తుంది. మధ్యలో ఆగి "ఇప్పుడు ఏమవుతుంది?" అనండి. జవాబు తప్పయినా ఫరవాలేదు, ఊహించాడంటే అర్థమైనట్టే.

ప్ర: బడికి పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? ఇస్తే చింపేస్తారని మా హెడ్మాస్టరు బీరువాకు తాళం వేస్తారు.
– విద్యా కమిటీ సభ్యుడు, పలాస

జ: నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్, మంచి పుస్తకం వంటి సంస్థల తెలుగు పుస్తకాలు పలచగా, చవగ్గా ఉంటాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దించుకుని ముద్రించుకోవచ్చు. స్థాయిల వారీగా ఉంటాయి. పుస్తకాన్ని పిల్లల వయసు చూసి కాక పైన చెప్పిన మెట్టును చూసి ఎంచండి. ఇంటి పన్నుతో పాటు మనం గ్రంథాలయ పన్నూ కడుతున్నాం కదా, దగ్గర్లోని శాఖా గ్రంథాలయంలో పిల్లల విభాగం గురించి అడగండి. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు, పరిచయానికి మంచి అదను.

30 మందికి 60 పుస్తకాలతో మొదలుపెట్టి, నెలకోసారి పక్క బడితో మార్చుకోండి. బీరువాలో వెన్ను కనిపించేలా పెట్టిన పలచటి పుస్తకం కంటికి ఆనదు. గోడకు పిల్లల ఎత్తులో తాడు కట్టి, అట్ట కనిపించేలా మధ్యలో తెరిచి వేలాడదీయండి. రిజిస్టరులో తేదీ, పుస్తకం, తమ పేరు పిల్లలే రాయాలి. అది కూడా రాత పనే.

చిరగడం మాట నిజమే, చదివిన పుస్తకం చిరుగుతుంది. ఊడిన పేజీలకు సెల్లోటేపు వేయకండి, కొన్నాళ్లకు పసుపెక్కి పెళుసై కాగితాన్ని తనతో లాక్కుపోతుంది. మధ్య మడత మీద దబ్బనంతో మూడు రంధ్రాలు చేసి దారంతో కుట్టి, చిరిగిన చోట పలచటి కాగితం పట్టీని ఫెవికాల్‌తో అంటించండి. మైదా జిగురుకు పురుగు పడుతుంది. నెలకో శనివారం ఐదో తరగతి పిల్లలకే ఈ పని అప్పజెప్పండి. కుట్టిన చేతులు చింపవు. పోయిన పుస్తకానికి జరిమానా మాత్రం వేయకండి, మరుసటి రోజు నుంచి ఎవరూ తీసుకోరు.

ప్ర: మా బాబుకు తొమ్మిదేళ్లు. తెలివిగా మాట్లాడతాడు, లెక్కలు నోటితో చేస్తాడు. చదవడం, రాయడం మాత్రం రెండేళ్లుగా అక్కడే ఉంది. డిస్‌లెక్సియా (తెలివికి లోటు లేకున్నా చదవడం, రాయడం పట్టుబడని ఇబ్బంది) ఏమో?
– ఒక తండ్రి, నెల్లూరు

జ: ముందు కంటి చూపు, వినికిడి పరీక్ష చేయించండి. తరవాత మొదటి జవాబులోని పద్ధతిలో మూడు నెలలు, రోజూ 15 నిమిషాలు నేర్పండి. సరిగా నేర్పినా కదలిక లేకపోతే అప్పుడు అనుమానించాలి. అక్షరాలు తారుమారు కావడం ఒక్కటే గుర్తు కాదు, నేర్చుకునే మొదటి రోజుల్లో అది చాలామందికి ఉంటుంది. నిన్న చదివిన మాట ఈరోజు కొత్తగా కనిపించడం, "పలక"లో మొదటి శబ్దం తీసేస్తే ఏం మిగులుతుందంటే చెప్పలేకపోవడం, ఇంట్లో ఇంకెవరికైనా ఇదే ఇబ్బంది ఉండటం గమనించండి.

డిస్‌లెక్సియా వంటి, నేర్చుకోవడంలో ప్రత్యేక వైకల్యాన్ని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది. ధ్రువీకరణ సాధారణంగా 8 ఏళ్లు నిండాక ఇస్తారు. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో అడిగితే దారి చూపిస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థలోనూ పరీక్షలు చేస్తారు. కాగితం వచ్చేదాకా ఆగకుండా పాఠాలు చదివి వినిపిస్తూ ఉండండి. చదవలేనంత మాత్రాన సైన్సు, సోషల్ విషయాల్లో వెనకబడిపోకూడదు కదా.

ప్ర: మేం డాలస్‌లో ఉంటాం. మా ఏడేళ్ల పాపకు తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో చెబుతుంది. చదవడం ఎప్పుడు మొదలుపెట్టాలి?

జ: ఈ వయసుకు ఇంగ్లీషు చదవడం కుదురుకుని ఉంటుంది కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. మనబడి వంటి వారాంతపు తరగతులు మంచివే, కానీ వారానికి ఒక్కరోజు నేర్చుకున్న గుణింతం మరో శనివారానికి ఆవిరైపోతుంది. రోజూ పది నిమిషాలు ఇంట్లో కావాలి. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చదివించకండి. ట కూ త కూ, ల కూ ళ కూ తేడా అక్కడే పోతుంది. ఇండియాలోని అమ్మమ్మకో నాయనమ్మకో ఫోన్ చేసినప్పుడు రెండు వాక్యాల తెలుగు చీటీ చదివి వినిపించమనండి. అవతలివాళ్లకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి: ఉచ్చారణకు నవ్వకూడదు.