పిల్ల చేతికి కారు ఇచ్చే ముందు ఇన్సూరెన్స్ సంగతి

తమ్ముడికి ఆశీస్సులు.

మేనకోడలికి పద్దెనిమిది నిండాయని, ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్ళ లైసెన్సు) కూడా తీశారని తెలిసి సంతోషం. విజయవాడలో భవానీపురం నుంచి కానూరు కాలేజీకి వెళ్ళి రావడానికి ఆటోనగర్‌లో ఓ సెకండ్ హ్యాండ్ కారు చూసి, పిల్ల పేరు మీదే కొందామని, ఇన్సూరెన్స్ తక్కువలో తేలాలని రాశావు. కొనే ముందు ఈ ఉత్తరం రెండుసార్లు చదువు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇంట్లో పిల్లల పేరు పాలసీలో చేర్చగానే ప్రీమియం విపరీతంగా పెరిగిందంటారు. అక్కడ అది నిజమే. ఇక్కడ లెక్క వేరు. మన దగ్గర ఇన్సూరెన్స్ ప్రధానంగా బండిని, బండి యజమానిని చూస్తుంది. నడిపేవాళ్ళకు చెల్లే లైసెన్సు ఉంటే చాలు, ఇంట్లో ఎవరు నడిపినా అదే పాలసీ వర్తిస్తుంది. కాబట్టి అన్నిటికన్నా చౌక దారి రెండో కారు కొనకపోవడమే. నీ కారునే పిల్లను నడపనివ్వు. కారు పాలసీకి అదనంగా కట్టాల్సింది ఏమీ ఉండదు.

రెండో కారు తప్పదంటావా, అయితే పేరు సంగతి ఆలోచించు. నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, పాలసీదారుది. క్లెయిమ్ లేని ఏడాదికి 20 శాతం, తర్వాత 25, 35, 45, చివరికి 50 శాతం తగ్గింపు వస్తుంది. అదీ ఓన్ డ్యామేజ్ (మన కారు నష్టానికి) ప్రీమియం మీదే, థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ళ నష్టానికి) మీద కాదు. పిల్ల పేరున కొంటే సున్నా నుంచి మొదలు. నీ పాత కారు అమ్మేసి నీ పేరునే వేరే కారు కొంటే మాత్రం ఆ 50 శాతం కొత్తదానికి మళ్ళించుకోవచ్చు. పాత కంపెనీ దగ్గర బోనస్ లెటర్ తీసుకో, అది మూడేళ్ళు చెల్లుతుంది. అమ్మకుండా రెండు కార్లకూ ఒకే బోనస్ చూపించడం కుదరదు. గతంలో క్లెయిమ్ ఉంటే ఉందనే రాయి. కంపెనీలు ఒకదాన్నొకటి అడిగి సరిచూసుకుంటాయి, తప్పు బయటపడేది సరిగ్గా నీకు డబ్బు కావాల్సిన రోజే.

థర్డ్ పార్టీ ధర ప్రభుత్వం నిర్ణయించేది, అందులో బేరం లేదు. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టికలో ఏడాదికి 1000 సీసీ లోపు కారుకు 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీకి 3,416, అంతకు మించితే 7,897. దీని మీద 18 శాతం జీఎస్టీ. ఈ అంకెలే ఏ కారు చూడాలో చెబుతున్నాయి. కొత్తగా నేర్చుకునే పిల్లకు వెయ్యి సీసీ లోపు చిన్న కారు చాలు. బందరు రోడ్డు రద్దీలో తిప్పుకోవడం సులువు, బంపర్ పోయినా ధర తక్కువ.

సెకండ్ హ్యాండ్ కారులో జనం పొరపాటు చేసేది ఇక్కడే. బండి చేతులు మారగానే పాత పాలసీలో థర్డ్ పార్టీ భాగం కొత్త యజమానికి వర్తిస్తుంది. ఓన్ డ్యామేజ్ భాగం మాత్రం దానంతటది రాదు. 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు చేసి పాలసీని నీ పేరుకు మార్పించాలి. పాతాయన బోనస్ నీకు రాదు, ఆ తేడా వసూలు చేస్తారు, కట్టెయ్యి. ఆర్సీ (రిజిస్ట్రేషన్ పత్రం) నీ పేరున, పాలసీ ఆయన పేరున ఉండగా గుద్దుకుంటే నీ కారు ఖర్చు నీదే. కొన్న కారుకు బయట బిగించిన సీఎన్‌జీ కిట్ ఉంటే అది ఆర్సీలోనూ పాలసీలోనూ రాసి ఉందో లేదో చూడు. పాలసీలో లేని కిట్ క్లెయిమ్ రోజున గొడవ అవుతుంది.

ఇప్పుడు లైసెన్సు. ఎల్‌ఎల్‌ఆర్ మీద నడిపినా పాలసీ వర్తిస్తుంది, కానీ షరతులున్నాయి. లైసెన్సు ఉన్న మనిషి పక్క సీట్లో కూర్చోవాలి, ముందూ వెనుకా తెల్ల పలక మీద ఎర్ర ‘ఎల్’ ఉండాలి. ఒంటరిగా కాలేజీకి వెళ్తే అది లైసెన్సు లేనట్టే. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలే చెల్లుతుంది, 30 రోజులు దాటాక టెస్టుకు వెళ్ళవచ్చు. లైసెన్సు లేని మనిషి నడుపుతూ ఎవరినైనా గుద్దితే కోర్టు మొదట కంపెనీ చేత బాధితులకు ఇప్పించి, ఆ మొత్తం యజమాని దగ్గర రాబట్టుకోమనే సందర్భాలు ఎక్కువ. అంటే నీ దగ్గరే. ‘నడిపింది నేనే’ అని నువ్వు చెబితే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకు. అది మోసం కింద వస్తుంది, క్లెయిమ్ మొత్తం పోతుంది.

చిన్నవాడికి పదహారే కదా, వాడికి తాళం అందనివ్వకు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ ప్రకారం మైనర్ నడిపితే తండ్రికి లేదా యజమానికి మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు లేదు.

పిల్లకు దెబ్బ తగిలితే ఎవరిస్తారన్నది చాలామంది అడగని ప్రశ్న. పాలసీలో తప్పనిసరిగా ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఆర్సీలో పేరున్న యజమానికే, అదీ ఆయనకు లైసెన్సు ఉంటేనే. నీ కారు నడుపుతున్న నీ కూతురికి అది రాదు. బండి తీసుకుని నడిపేవాళ్ళు యజమాని స్థానంలో ఉన్నట్టేనని సుప్రీంకోర్టు 2009లో తీర్పిచ్చింది కాబట్టి థర్డ్ పార్టీ కిందా ఆశ పెట్టుకోకు. అందుకని పిల్ల పేరు మీద విడిగా ఓ పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకో. ఈ ఒక్క విషయంలో ఖర్చుకు వెనకాడొద్దు. నీకు వేరే బండి మీద 15 లక్షల కవర్ ఇప్పటికే ఉంటే రెండోసారి కట్టక్కర్లేదు, ఆ డబ్బు ఇటు మళ్ళించు.

ఏజెంటు ధర తగ్గించి చూపే మార్గాలు కొన్ని ఉన్నాయి. ఐడీవీ, అంటే బండి విలువ, తగ్గించి రాస్తాడు. కారు పోయినా, రిపేరు ఐడీవీలో 75 శాతం దాటినా నీకు వచ్చేది ఆ తగ్గించిన విలువే. ఎదుటివాళ్ళ ఆస్తి నష్టానికి ఉండే ఏడున్నర లక్షల పరిమితిని 6,000కు కుదిస్తే వంద రూపాయలు మిగులుతాయి. వద్దు, ఒక్క కారు తలుపు గీసుకున్నా అంతకు మించుతుంది. మరొకటి వాలంటరీ డిడక్టిబుల్. టారిఫ్ (పాత రేట్ల పట్టిక) లెక్కలో ప్రతి క్లెయిమ్‌లో మొదటి 2,500 నువ్వే భరిస్తానంటే ఓన్ డ్యామేజ్‌లో 20 శాతం, గరిష్ఠంగా 750 రూపాయలు తగ్గుతుంది. చేయి తిరిగిన డ్రైవరుకు లాభమే. మొదటి ఏడాది పిల్లకు వద్దు.

కారు వయసు ఐదేళ్ళ లోపైతే బంపర్ టు బంపర్ అనే యాడ్‌ఆన్ (అదనపు కవర్) తీసుకో, అందులో భాగాల తరుగు కోయరు. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల్లో సగం నువ్వే భరించాలి. లెక్క చూడు: బంపర్ బిల్లు 4,000 అనుకో. సగం తరుగు పోతే 2,000, అందులో తప్పనిసరి కోత 1,000 పోతే చేతికి వచ్చేది 1,000. ఆ వెయ్యి కోసం క్లెయిమ్ వేస్తే బోనస్ పోతుంది. బోనస్ లేకుండా ఓన్ డ్యామేజ్ 8,000 అయితే, 50 శాతం బోనస్ ఉన్నవాడికి వచ్చే ఏడు ఖర్చు 4,000 పెరుగుతుంది. కొత్త డ్రైవరు గేటుకు, స్తంభానికి గీస్తూనే ఉంటుంది. చిన్న సొట్టలు ఆటోనగర్ షెడ్డులో సొంత డబ్బుతో తీయించు, పెద్ద దెబ్బకే క్లెయిమ్ దాచుకో.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కార్లు మునగడం నువ్వూ చూశావు. వరద నష్టం ఓన్ డ్యామేజ్‌లో వస్తుంది. నీళ్ళలో స్టార్ట్ చేసి ఇంజిన్ పట్టేస్తే మాత్రం ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్‌ఆన్ లేనిదే కష్టం. విజయవాడలో దాన్ని వదలకు. నీళ్ళు తగ్గినా తాళం తిప్పొద్దని, బండిని లాగించమని పిల్లకు ముందే నేర్పు.

కారు వారానికి రెండు మూడుసార్లే తీస్తారంటే, నడిపిన కిలోమీటర్లను బట్టి ప్రీమియం కట్టే యాడ్‌ఆన్‌ను 2022 జులై నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అనుమతించింది, దాన్ని అడుగు. రోజూ కానూరు వెళ్ళి వచ్చేట్టయితే అది గిట్టదు.

రెన్యువల్ తేదీకి నెల ముందే మూడు కంపెనీల ధరలు ఒకే ఐడీవీ, ఒకే యాడ్‌ఆన్‌లతో అడిగి పోల్చు. పాలసీ ముగిశాక 90 రోజులు దాటితే బోనస్ మొత్తం పోతుంది. డీలరు తన దగ్గరే తీసుకోవాలంటే ఒప్పుకోకు, ఎక్కడ తీసుకోవాలన్నది నీ ఇష్టం. కంపెనీ అన్యాయంగా క్లెయిమ్ తిప్పికొడితే ముందు వాళ్ళకే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్ళు, మన రాష్ట్రానివి కూడా ఆయనే చూస్తారు.

పాలసీ చేతికొచ్చిన రోజే ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, సీసీ, పేరు ఆర్సీ పక్కన పెట్టి అక్షరం అక్షరం చూడు. తేడా ఉంటే అదే రోజు ఎండార్స్‌మెంట్ (పాలసీలో సవరణ) అడుగు. ధరలు వచ్చాక నాకు పంపితే చూసి చెబుతాను. మరదలినీ పిల్లలనీ అడిగానని చెప్పు.

అక్క