అడగండి – చెబుతాం: హెచ్ఐవీ అధ్యయనాలు, మన గోదావరి ఊళ్లు

ప్రశ్న: మత్స్యకారులు, ట్రాన్స్ మహిళల మధ్య హెచ్ఐవీ నివారణపై జరిగే ఒక అధ్యయనానికి ఊళ్లు తిరుగుతున్నాం. ఎన్నిసార్లు వెళ్లినా జనం మొహం చాటేస్తున్నారు. తేడా ఎక్కడుంది?
– క్షేత్ర కార్యకర్త, అమలాపురం

జవాబు: ముందు మీ జీపు చూసుకోండి. ఎర్ర రిబ్బన్ స్టిక్కరున్న బండి ఒక ఇంటి ముందు పావుగంట ఆగిందంటే, సాయంత్రానికల్లా ఊరు ఆ ఇంటికి జబ్బు అంటగట్టేస్తుంది. బస్సెక్కి వెళ్లండి. ఇంటర్వ్యూలు గ్రామ సచివాలయంలో అసలే వద్దు. పట్టణంలో బోర్డు లేని గది చూసుకుని రానుపోను ఛార్జీలు, పోయిన కూలి ఇవ్వండి. ఎంతివ్వాలో ఎథిక్స్ కమిటీ (పాల్గొనేవాళ్లకు అన్యాయం జరక్కుండా చూసే సంఘం) ముందే ఆమోదించాలి.

రెండోది సమయం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మరపడవల మీద వెళ్లేవాళ్లు ఇంటిపట్టున దొరికేది అప్పుడే. కానీ చేతిలో డబ్బాడని రోజులు కూడా అవే. మీరిచ్చే మొత్తం కాస్త పెద్దదైతే ఇష్టం లేనివాళ్లూ తలూపుతారు. ఇంకో చిక్కుంది. జూన్‌లో కూర్చోబెట్టి ‘గత నెలలో’ అని అడిగితే వచ్చేది ఇంటిదగ్గరున్న నెల లెక్క. బయటి రేవుల్లో గడిపిన రోజుల గురించి వేరే ప్రశ్న లేకపోతే మీ పట్టిక పనికిరాదు. రొయ్యల చెరువుల కూలీలకైతే రాత్రి పట్టుబడి ఉందో లేదో కనుక్కుని మరీ పిలవండి.

ట్రాన్స్ మహిళల దగ్గరికి వాళ్ల జట్టు పెద్ద అయిన గురువు ద్వారా వెళ్లడం మర్యాదే. అయితే గురువు సరేనన్నాక చేలా (శిష్యురాలు) కాదనలేదు. అందుకే గురువు ఎదుట అంగీకారం తీసుకోకండి. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, వద్దన్నవాళ్ల సంగతి గురువుకు చెప్పబోమని ముందే మాటివ్వండి. పడవ యజమానులు, కులపెద్దల విషయంలోనూ అంతే.

వచ్చినవాళ్లకు తలా మూడు కూపన్లిచ్చి తెలిసినవాళ్లను పంపమనే పద్ధతి దాగి ఉండే సమూహాలకు బాగా పనికొస్తుంది. మొదటి మనుషుల్ని ఒకే జట్టులోంచి తీసుకుంటే మాత్రం చివరిదాకా ఆ జట్టే వస్తుంది. వయసు, ఊరు, పని వేరువేరుగా ఉన్నవాళ్లను ఎంచుకోండి. కూపన్లు చేతులు మారి అమ్ముడుపోతుంటాయి కూడా. పేరు అడక్కుండానే ఒకే మనిషి రెండోసారి వచ్చాడేమో కనిపెట్టే ఏర్పాటు ఉండాలి.

వీటన్నిటికంటే పెద్ద లోపం ప్రశ్నావళి అచ్చయ్యాక జనం దగ్గరికి పోవడం. దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల్లో 5,029 మంది మహిళలతో హెచ్ఐవీ రాకుండా వాడే మందులపై ‘వాయిస్’ అనే పెద్ద పరీక్ష జరిగింది. మందు వాడుతున్నామని చాలామంది చెప్పారు. రక్తం చూస్తే మందు కనపడింది మూడోవంతు కంటే తక్కువ నమూనాల్లోనే. ‘ఇవి హెచ్ఐవీ ఉన్నవాళ్లు మింగే మాత్రలు కదా, ఎవరైనా చూస్తే?’ అన్న భయం అందులో ఒక కారణమని తర్వాత బయటపడింది. ముందే నలుగురు ఆడవాళ్లను కూర్చోబెట్టి అడిగుంటే మాత్రల డబ్బా చూపించినప్పుడే ఈ సంగతి తేలేది. పత్రాలు ఖరారు కాకముందే ఆ సమూహాల్లోంచి పదిమందితో సలహా బృందం వేయండి. వాళ్లకూ కూలి కట్టివ్వండి. వాళ్లు మార్చమన్నది మార్చకపోతే ఎందుకో చెప్పండి. ఫలితాల్లో ఊరి పేరు రాయకండి. పేపర్లో పడితే ఆ ఊరి పిల్లలకు సంబంధాలు తప్పిపోతాయి.

ప్రశ్న: హెచ్ఐవీ రాకుండా ఇచ్చే కొత్త మందు పరీక్షలో చేరమని మా పిన్నిని అడుగుతున్నారు. ఆవిడకు చదువు రాదు. వేలిముద్ర వేయించుకుంటే సరిపోతుందా?
– పాఠకురాలు, నరసాపురం

జవాబు: సరిపోదండీ. అధ్యయనంతో సంబంధం లేని సాక్షి మొదటినుంచీ పక్కనుండాలి. పత్రం చదివి వినిపించినంతసేపూ వినాలి, చివర్న సంతకం చేయాలి. ఒక ప్రతి పిన్నిగారికివ్వాలి. అందులో ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరుందో లేదో మీరే చూడండి. పరీక్ష వల్ల ఏదైనా హాని జరిగితే వైద్యం ఎవరి ఖర్చు, మధ్యలో మానేస్తే మామూలు చికిత్సకు ఇబ్బంది ఉండదు కదా అని నోరు తెరిచి అడగండి. అంగీకారాన్ని వీడియో తీస్తామంటే బెదరక్కర్లేదు. 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు హెచ్ఐవీ మందులకు గొంతు రికార్డు చేస్తే చాలన్నాయి, మొహం కనపడక్కర్లేదు. పిన్నిగారి తరఫున ఇంకెవరూ సంతకం చేయకూడదు. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాలు వేసినప్పుడు చాలా పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. ఆ వ్యవహారం పార్లమెంటు కమిటీ దాకా వెళ్లింది.

ప్రశ్న: హెచ్ఐవీ టీకా పరీక్షలో చేరితే రక్తపరీక్షలో పాజిటివ్ వస్తుందా? వచ్చే ఏడాది కువైట్ వెళ్లాలనుకుంటున్నాను.
– పాఠకుడు, రాజోలు

జవాబు: రావచ్చు. టీకా నుంచి హెచ్ఐవీ సోకదు. కానీ టీకా వల్ల పుట్టిన యాంటీబాడీలను మామూలు పరీక్ష వైరస్ వల్ల వచ్చినవిగా చూపించవచ్చు. వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్షలోనే అసలు సంగతి తేలుతుంది. గల్ఫ్ మెడికల్‌లో హెచ్ఐవీ పాజిటివ్ వస్తే అన్‌ఫిట్టే, మీ వివరణ వినే తీరిక అక్కడెవరికీ ఉండదు. కాబట్టి కువైట్ ప్రయాణం ఖాయమైతే టీకా పరీక్షలో చేరకండి. నివారణకు వాడే మాత్రలతో ఈ చిక్కు లేదు, అవి యాంటీబాడీలు పుట్టించవు.