సంగీతం – మీ ప్రశ్నలు: ఫ్యుగాజీ తొలి ఆల్బమ్ ఏది?

ప్రశ్న: అమెరికన్ రాక్ బృందం ఫ్యుగాజీ తొలి ఆల్బమ్ ‘13 సాంగ్స్’ అని ఒక మిత్రుడు, కాదు ‘రిపీటర్’ అని ఇంకొక మిత్రుడు వాదిస్తున్నారు. పైగా ‘రిపీటర్’లో 11 పాటలే అంటారు, నా దగ్గరున్న సీడీలో 14 ఉన్నాయి. ఏది నిజం?

జవాబు: రెండవ మిత్రుడి మాటే సరైనది, అయితే మొదటివారు పొరబడటానికి కారణం లేకపోలేదు. 1989లో వచ్చిన ‘13 సాంగ్స్’ ఆల్బమ్‌గా తలపెట్టి చేసింది కాదు. అంతకుముందు విడివిడిగా వచ్చిన ‘ఫ్యుగాజీ’, ‘మార్జిన్ వాకర్’ అనే రెండు ఈపీలను (ఆల్బమ్ కన్నా చిన్న రికార్డులను) ఒకచోట చేర్చిన సంకలనం. పూర్తి నిడివి ఆల్బమ్‌గా మొదటిది, వాషింగ్టన్ నగరంలోని డిస్‌కార్డ్ రికార్డుల సంస్థ 1990లో విడుదల చేసిన ‘రిపీటర్’. అందులో ఉన్నవి 11 పాటలే. సీడీలో వాటి వెనుక ‘3 సాంగ్స్’ అనే మరో ఈపీని కలిపారు కనుక మీ లెక్క 14కు చేరింది. ఆల్బమ్‌లోని చివరి పాట ‘షట్ ద డోర్’ ముగియగానే కాసేపు ఆపి, మిగిలిన మూడింటిని వేరుగా వినమని నా సలహా. వెంటనే వింటే ఆ ముగింపు బరువు తేలిపోతుంది.

ఈ తేడా కేవలం లెక్కకు సంబంధించినది కాదు. తొలి ఈపీలలో గిటార్ భారం ఇయన్ మెకై ఒక్కడిదే; గై పిచ్చొట్టో ప్రధానంగా గాయకుడు. ‘రిపీటర్’ నాటికి గై కూడా గిటార్ అందుకున్నాడు, దానితో బృందం స్వరూపమే మారిపోయింది. నమ్మకం కలగకపోతే ‘మార్జిన్ వాకర్’లోని ‘ప్రొవిజనల్’ను, దానినే ‘రిపీటర్’ కోసం తిరిగి మలచిన ‘రీప్రొవిజనల్’ను వెంటవెంటనే విని చూడండి. పాట ఒకటే అయినా రెండవదానిలో గిటార్లు ఒకదానికొకటి వంత పాడటం మాని, వాదులాడుకుంటున్నట్టు ఉంటాయి. ఆ వాదన చెదిరిపోకుండా కింద నుంచి పట్టి ఉంచేది జో లాలీ బేస్, బ్రెండన్ కాంటీ డ్రమ్స్. నన్నడిగితే ఈ ఆల్బమ్‌ను మొదటిసారి బేస్ వెంట నడుస్తూ వినాలి.

ప్రశ్న: ఫ్యుగాజీ సంగీతాన్ని పోస్ట్ హార్డ్‌కోర్ అని ఎందుకంటారు? నాకు కేకలే వినిపిస్తున్నాయి.

జవాబు: కేకలున్న మాట నిజమే. కాకపోతే మెకై అంతకుముందు నడిపిన మైనర్ థ్రెట్ బృందం పాటలు వింటే తేడా తెలుస్తుంది: అవి చాలావరకు ఒకటి రెండు నిమిషాలలో, ఊపిరి తీసుకోనివ్వని వేగంతో ముగిసిపోతాయి. హార్డ్‌కోర్ పంక్ అంటే స్థూలంగా అదే. గై, బ్రెండన్ అంతకుముందు పనిచేసిన రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ బృందం ఆ కట్టుబాటును అప్పటికే సడలించింది. ఫ్యుగాజీ ఆ తీవ్రతను వదలకుండా వేగాన్ని తగ్గించి, జమైకాకు చెందిన డబ్, రెగె సంగీతాల నుంచి స్వరాల మధ్య ఖాళీని వాడుకోవడం నేర్చుకుంది. హార్డ్‌కోర్‌ను దాటి వచ్చింది కనుకే ‘పోస్ట్’ అన్నారు. ఇక సరుకుల మోజును దుయ్యబట్టే ‘మర్చండైజ్’ పాట వారికి ఉత్తి నినాదం కాదు. ఈ బృందం తన పేరుతో టీషర్టులు అమ్మలేదు, కచేరీ టికెట్టును 5 డాలర్ల దగ్గరే ఉంచడానికి పట్టుబట్టింది.

కేకల సంగతి తేలాలంటే ‘షట్ ద డోర్’ వినండి. మాదకద్రవ్యం మోతాదు మించి తలుపు వెనుక ఒకరు చనిపోవడం దాని వస్తువు. వాద్యాలు దాదాపు నిద్రపోతున్నంత నెమ్మదిగా సాగుతూ, ఉన్నట్టుండి ఒక్కసారిగా విరుచుకుపడి, మళ్లీ అణగిపోతాయి. అక్కడ గొంతు పెగిలేది కోపంతో కాదు.