యూనియన్ కార్డు మీద సంతకం పెడితే స్టడీ పర్మిట్‌కు ముప్పుందా?

హనుమకొండ, నర్సంపేట, పరకాల, జగిత్యాల దిక్కు నుంచి చదువుకోవడానికి కెనడాలోని ఒంటారియో వచ్చి, బ్రాంప్టన్, మిస్సిసాగా వేర్‌హౌస్‌లలో పనిచేస్తున్న పిల్లలు అడిగే సందేహం ఇది. "మా దగ్గర యూనియన్ పెడదామని కార్డులు తెస్తున్నరు. సంతకం పెడితే పర్మిట్‌కు ఏమన్నా అయితదా? ఇంటికాడ బ్యాంకు లోను ఉంది."

ఏమీ కాదు. ఆ కార్డు యూనియన్‌లో చేరతామని సంతకం పెట్టి ఇచ్చే కాగితం, అంతే. ఒంటారియో లేబర్ రిలేషన్స్ యాక్ట్, 1995 ప్రకారం ఎవరైనా తమకు నచ్చిన యూనియన్‌లో చేరవచ్చు. పౌరుడా, విద్యార్థా అనే తేడా అందులో లేదు. పర్మిట్ ఇచ్చేదీ, రద్దు చేసేదీ ఇమిగ్రేషన్ శాఖ. సూపర్‌వైజర్‌కు గానీ, కంపెనీలకు మనుషులను పంపే ఏజెన్సీకి గానీ ఆ అధికారం లేదు.

పర్మిట్‌కు నిజమైన ముప్పు గంటల దగ్గర ఉంది. 2024 నవంబర్ 8 నుంచి, క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్ బయట వారానికి 24 గంటల వరకే పని చేయాలి. రెండు ఏజెన్సీల్లో చేస్తే రెండూ కలిపి 24. ఇంకొకరి సిన్ నంబర్ (పని చేయడానికి ప్రభుత్వం ఇచ్చే సోషల్ ఇన్సూరెన్స్ నంబర్) మీద చేయడం, మిగతా గంటలకు చేతికి నగదు తీసుకోవడం మనోళ్లలో మామూలైపోయింది. మిమ్మల్ని బెదిరించాలనుకునే యజమానికి దొరికేది ఇదే. యూనియన్ మాట ఎత్తకముందే ఈ లెక్క సరిచేసుకోండి తమ్మీ. ఒకే యజమాని దగ్గర కట్టేసే వర్క్ పర్మిట్ మీద వచ్చి వేధింపులు పడుతున్నవాళ్లకు వేరే దారి ఉంది. 2019 జూన్ నుంచి అలాంటివాళ్లు ఓపెన్ వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు, దానికి ఫీజు లేదు.

ఇక పే స్టబ్ (జీతం చీటీ) తీసి దాని మీద ఎవరి పేరుందో చూడండి. కంపెనీ పేరా, ఏజెన్సీ పేరా? మన పిల్లల్లో ఎక్కువమంది ఏజెన్సీ కింద ఉంటారు. పని చూపేది కంపెనీ, జీతం వేసేది ఏజెన్సీ అయినప్పుడు అసలు యజమాని ఎవరన్నది లేబర్ బోర్డు తేలుస్తుంది. పనిలో పెట్టుకునేది, క్రమశిక్షణ చర్య తీసుకునేది, రోజూ పని చెప్పేది ఎవరో చూస్తుంది. అందుకే యూనియన్ తరఫున వచ్చే ఆర్గనైజర్‌తో మొదటి మాటలోనే ఏ షిఫ్టులో ఎంతమంది, అందులో ఏజెన్సీవాళ్లు ఎందరు, ఏ ఏజెన్సీ అన్నది చెప్పాలి. ఈ లెక్క తప్పితే తర్వాత పడే కష్టమంతా వృథా.

సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నికలు చూసినవాళ్లకు ఇక్కడి పద్ధతి కొత్తగా ఉంటుంది. 2023 డిసెంబర్ 27న అక్కడ రకరకాల జెండాలు పోటీపడి ఏఐటీయూసీ గెలిచింది. ఇక్కడ మామూలుగా ఒక యూనిట్ (ఒకే యూనియన్ కిందికొచ్చే పనివాళ్ల గుంపు) కోసం ఒకే యూనియన్ ముందుకొస్తుంది, ఓటు అది కావాలా వద్దా అన్నదాని మీదే. గెలిస్తే సంతకం పెట్టనివాళ్ల తరఫున కూడా అదే మాట్లాడుతుంది.

యూనిట్‌లో కనీసం 40 శాతం మంది కార్డుల మీద సంతకం, తేదీ వేస్తే, గుర్తింపు కోసం యూనియన్ లేబర్ బోర్డుకు దరఖాస్తు పెట్టవచ్చు. సాధారణంగా 5 పనిదినాల్లో రహస్య ఓటింగ్ జరుగుతుంది. పోలైన ఓట్లలో సగం దాటాలి. కార్డులు బోర్డుకు మాత్రమే వెళ్తాయి, ఎవరు సంతకం పెట్టారో యజమానికి చూపరు. ఓడిపోతే మాత్రం ఏడాది దాకా మళ్లీ దరఖాస్తు తీసుకోకపోవచ్చు. కాబట్టి 40 దాటగానే తొందరపడవద్దు. బెదిరింపులు మొదలయ్యాక కొందరు జారుకుంటారు, అది ఎక్కడైనా జరిగేదే. 60 నుంచి 70 శాతం చేతిలో ఉన్నాకే దరఖాస్తు వేయడం మంచిది.

ఎక్కువ ప్రయత్నాలు చెడేది ఇక్కడే. వేర్‌హౌస్‌లో మనుషులు నిలవరు. జనవరిలో సంతకం పెట్టిన విద్యార్థి సెమిస్టర్ అయ్యాక వేరే ఊరు వెళ్లిపోతే ఆ కార్డు లెక్కలోకి రాదు. పండగ సీజన్‌లో కొత్తవాళ్లను వందలుగా తీసుకుంటే నిన్నటి 50 శాతం ఇవాళ 35 అవుతుంది. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ అమెజాన్‌లో జీఎంబీ యూనియన్ 2023లో ఇలాగే దరఖాస్తు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 2024 జులైలో మళ్లీ ఓటు జరిగితే 49.5 శాతం దగ్గర ఆగిపోయింది. అందుకే కార్డుల పని నెలల తరబడి సాగదీయకుండా, పీక్ సీజన్ కాని రోజులు చూసి గట్టిగా కొన్ని వారాల్లో ముగించాలి.

మనోళ్లు చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. వరంగల్ వాట్సాప్ గ్రూపులో పోస్టు పెడతారు, గంటలో స్క్రీన్‌షాట్ మేనేజర్ ఫోన్‌లో ఉంటుంది. ఇలాంటివి ఎదురుగా కూర్చుని, పని బయట, ఒక్కొక్కరితో మాట్లాడాలి. లంచ్‌లో తెలుగువాళ్లంతా ఒక బల్లకు అంటుకుని కూర్చుంటే కూడా లాభం లేదు. బ్రాంప్టన్‌లో పంజాబీవాళ్లే ఎక్కువ. వాళ్లు, ఫిలిపినోలు, ఆఫ్రికావాళ్లు కలవకుండా 40 శాతం రాదు. ప్రతి షిఫ్టు నుంచి, ప్రతి భాష నుంచి కనీసం ఒకరు కమిటీలో ఉండాలి. మన ఊరి అన్నే మేనేజర్ అయితే ఆయనతో ఈ మాట వద్దు, మేనేజర్లు యూనిట్‌లోకి రారు.

యజమాని యూనియన్ వద్దని తన అభిప్రాయం చెప్పుకోవచ్చు. బెదిరించడం, "వద్దంటే డాలర్ పెంచుతా" అని ఆశ పెట్టడం, యూనియన్ కోసం పనిచేశారని తీసేయడం చట్టవిరుద్ధం. తీసేస్తే బోర్డుకు ఫిర్యాదు వేయవచ్చు. అక్కడ యూనియన్ కారణం కాదని నిరూపించాల్సింది యజమానే, ఇది మనకు పెద్ద బలం. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో అదే రోజు తేదీతో రాసి పెట్టుకోండి. ఆలస్యంగా వెళ్తే కేసు బలహీనపడుతుంది.

గెలిచినంత మాత్రాన పని అయిపోదు. క్యూబెక్‌లోని లావల్ అమెజాన్ వేర్‌హౌస్‌కు 2024 మేలో సీఎస్ఎన్ అనే కార్మిక సంఘాల సమాఖ్య గుర్తింపు పొందింది. 2025 జనవరిలో కంపెనీ ఆ రాష్ట్రంలోని కేంద్రాలన్నీ మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఖర్చుల కోసమేనని కంపెనీ అంది, యూనియన్ దాన్ని ఒప్పుకోలేదు. ఇలాంటి సంగతి దాచిపెట్టి కార్డు సేకరించడం తప్పు, అడిగినవాళ్లకు చెప్పండి.

యూనియన్ లేకపోయినా ఇవాళే ఉన్న హక్కులు చాలామందికి తెలియవు. వారానికి 44 గంటలు దాటితే ఆ పై గంటలకు ఒకటిన్నర రెట్ల జీతం, 5 గంటలకు మించి వరుసగా పని చేయించకుండా అరగంట భోజన విరామం, కనీసం 4 శాతం వెకేషన్ పే. జీతం ఎగ్గొడితే రెండేళ్లలోపు లేబర్ మినిస్ట్రీకి ఫిర్యాదు పెట్టవచ్చు. ఏజెన్సీ ఇవ్వకపోతే ఆ గంటల జీతానికి పని చేయించుకున్న కంపెనీ కూడా బాధ్యురాలే. నడుము పట్టేస్తే ఇంటికెళ్లి మాత్ర వేసుకుని పడుకోవద్దు. డాక్టర్‌కు చూపించుకుని, పనిలోనే జరిగిందని చెప్పి, డబ్ల్యూఎస్ఐబీ (పనిలో దెబ్బ తగిలినవాళ్లకు పరిహారం ఇచ్చే సంస్థ) క్లెయిమ్ 6 నెలల్లోపు వేయండి. 20 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న చోట భద్రతా కమిటీ తప్పనిసరి, అందులో సగమన్నా మేనేజ్‌మెంట్ కాని పనివాళ్లు ఉండాలి. యూనియన్ ఆలోచన ఉన్నవాళ్లు ముందు ఈ కమిటీలో కూర్చుంటే, ఏ లైన్లో ఎవరు దెబ్బ తింటున్నారో కాగితాల మీద కనిపిస్తుంది. బ్రాంప్టన్ ప్రాంతంలో వేర్‌హౌస్ వర్కర్స్ సెంటర్, నౌజవాన్ సపోర్ట్ నెట్‌వర్క్ లాంటివాళ్లు జీతం ఎగవేత కేసుల్లో పనివాళ్ల పక్కన నిలబడుతున్నారు.

మొదటి కాంట్రాక్టులో గంటకు డాలర్ ఒక్కటే అడగవద్దు. ఎన్ని రోజుల తర్వాత ఏజెన్సీవాళ్లను పర్మనెంట్ చేస్తారు, పికింగ్ రేటు (గంటకు ఎన్ని సరుకులు తీయాలన్న లెక్క) ఎలా లెక్కిస్తారు, రేటు తగ్గితే ఎన్ని హెచ్చరికల తర్వాత చర్య, షిఫ్టు మార్పు ఎంత ముందు చెప్పాలి, పరీక్షల వారంలో గంటలు ఎలా తగ్గించుకోవాలి, ఇవన్నీ రాయించాలి. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో బస్తాకు ఇంత అని హమాలీ రేటు ముందే ఖరారు కాకపోతే ఏమవుతుందో మనకు తెలిసిందే. కాంట్రాక్టు వచ్చాక, పైన చెప్పిన జీతం ఫిర్యాదులు మినిస్ట్రీకి కాకుండా గ్రీవెన్స్ (యూనియన్ ద్వారా పెట్టే ఫిర్యాదు) దారిలో వెళ్లాలి. దానికి గడువు రోజుల్లోనే ఉంటుంది కాబట్టి మీ స్టీవార్డ్ (పనిచోట యూనియన్ ప్రతినిధి) ఫోన్ నంబర్, ఆ గడువు ఎన్ని రోజులో మొదటి రోజే అడిగి రాసుకోండి.