సందక్‌ఫూ వెళ్తున్న మేనకోడలికి

చి. అమ్ములుకి,

అత్త ఆశీస్సులు. నవంబరులో ఆఫీసు స్నేహితులతో డార్జిలింగ్ దగ్గరి సందక్‌ఫూ కొండకి ట్రెక్కింగ్‌కి వెళ్తున్నావని అన్నయ్య చెప్పినప్పటి నుంచీ నాకు ఒకటే సంబరంగా ఉంది. ఏ షూస్ కొనాలి, ఏ జాకెట్ కొనాలి అని అడిగావు. అవీ రాస్తాను గానీ, ముందు గైడ్ గురించి చెప్పాలి. అక్కడున్నన్ని రోజులూ నీ ఆరోగ్యమైనా, నీ సంతోషమైనా ఆయన మాట నువ్వెంత వింటావన్న దాన్నిబట్టే ఉంటాయి.

మీ దారిలో వచ్చే సింగలీలా నేషనల్ పార్కులో గైడ్ లేకుండా ట్రెక్కింగ్‌కి వదలరు. నడక మొదలయ్యే మానేభంజ్యాంగ్‌లో గైడ్ల సంఘం ఉంది, ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే వస్తారు. చాలామంది దీన్ని పార్కు టికెట్‌తో పాటు కట్టే ఇంకో ఫీజు అనుకుని, ఆయన్ని వెనక్కి వదిలేసి తమ దారిన తాము పోతుంటారు. నువ్వలా చేయకు. ఎదురుపడగానే పేరు అడుగు, నీ పేరు చెప్పు. అక్కడివాళ్ళలా ‘దాయ్’ (అన్నయ్య) అని పిలువు. నీకున్న ఆరోగ్య సమస్యలేమిటో, ఏ మందులు వేసుకుంటున్నావో మొదటి రోజే చెప్పెయ్. పీరియడ్స్ లాంటివి ఆయనతో చెప్పడానికి మొహమాటంగా ఉంటే, రాత్రి బస చేసే హట్‌లో వంటచేసే దీదీతో చెప్పు. ఆమే నీకు వేడినీళ్ళు, కాస్త చాటు ఉన్న మంచం చూసిపెడుతుంది. మొహమాటపడి ఏదీ దాచుకోవద్దు.

మొదటి పూటే పరీక్ష మొదలవుతుంది. మానేభంజ్యాంగ్ నుంచి చిత్రే దాకా మూడు కిలోమీటర్లూ ఒకటే ఎక్కుడు. మీ గుంపులో జిమ్‌కి వెళ్ళే కుర్రాళ్ళు ఉంటారుగా, వాళ్ళు అక్కడే పందెం వేసుకుంటారు. నువ్వు గైడ్ వెనకే ఉండి ఆయన పాదాలు చూస్తూ నడువు. అడుగు చాలా చిన్నగా వేస్తాడు. మడమతో సహా అరికాలు మొత్తం నేలకు ఆనాకే రెండో కాలు లేపుతాడు. ప్రతి అడుగుకీ వెనక కాలు ఒక్క క్షణం నిటారుగా నిలుస్తుంది. ఆ క్షణంలో ఒంటి బరువు కండల మీద కాకుండా ఎముక మీద పడుతుంది, తొడకి విశ్రాంతి దొరుకుతుంది. కాసేపు జాగ్రత్తగా చూస్తే నీకే అలవాటైపోతుంది. ఆ నడకతో రోజంతా ఎక్కినా అంతగా ఆయాసం రాదు. నడుస్తూ పక్కవాళ్ళతో మాట్లాడగలిగితే నీ వేగం సరిగ్గా ఉన్నట్టు. మాట తెగి తెగి వస్తోందంటే తగ్గించు. గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళని గైడ్‌కి సరిగ్గా వెనకే నడవమనండి, మిగతావాళ్ళంతా వాళ్ళ వెనక. తోసుకుని ముందుకెళ్ళడాలు వద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఎత్తు. మన తూర్పు కనుమల్లో ఎంత పెద్ద కొండెక్కినా 1700 మీటర్లు దాటదు. సందక్‌ఫూ 3636 మీటర్లు. పశ్చిమ బెంగాల్‌లో అదే అన్నిటికంటే ఎత్తైన చోటు. 2500 మీటర్లు దాటాక గాలి పలచబడటం ఒంటికి తెలుస్తుంది, అది ఎవరికి ఎలా పడుతుందో ముందు చెప్పలేం. కండ ఉన్నవాళ్ళకి ఏమీ కాదని గానీ, సన్నగా ఉన్నవాళ్ళకే ఇబ్బంది అని గానీ ఏమీ లేదు. అయితే ఈ దారి కొత్తవాళ్ళకి అనుకూలమైనదే. మొదటి రాత్రి టమ్లింగ్‌లో పడుకుంటారు, దాదాపు 3000 మీటర్లు. మర్నాడు గైరీబాస్‌కి దిగి మళ్ళీ ఎక్కి కాలాపోఖ్రీ చేరతారు, అది 3100 పైచిలుకు. మూడో రోజు సందక్‌ఫూ. ఒంటికి అలవాటుపడే టైము దొరుకుతుంది. ఒక్క పూటలో జీపులో పైకి వెళ్ళిపోయేవాళ్ళకి ఆ అవకాశం ఉండదు. అందుకే మీ గుంపులో ఎవరైనా ‘మధ్యలో ఒక రోజు ఎగ్గొట్టేద్దాం’ అంటే ఒప్పుకోకు.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం వస్తే వెంటనే గైడ్‌కి చెప్పు. అవి తగ్గేదాకా అంతకంటే పైకి వెళ్ళకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గు ఆగకపోయినా, నడకలో తూలుతున్నా, మాట తడబడుతున్నా ఆ మనిషిని అప్పటికప్పుడు కిందికి దించెయ్యాలి. అర్ధరాత్రి అయినా సరే, తెల్లారనిద్దాం అనుకోకూడదు. సందక్‌ఫూ దాకా జీపు రోడ్డు ఉండటం ఈ దారిలో పెద్ద ధైర్యం. అక్కడ తిరిగే పాత ల్యాండ్ రోవర్లు, బొలేరోలు చాలాసార్లు అంబులెన్స్ పని కూడా చేస్తాయి. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బందులకి వాడే డయామాక్స్ మాత్ర సంగతి ఇక్కడే డాక్టర్ని అడుగు. సల్ఫా మందులు పడని ఒళ్ళైతే ఆ విషయం తప్పకుండా చెప్పు. స్నేహితులెవరో ఇచ్చారని వేసుకోకు.

ఇక హట్‌ల సంగతి. నాకు ఆ నడకలో అన్నిటికంటే ఇష్టమైనవి అవే. కొన్ని ప్రభుత్వ ట్రెక్కర్స్ హట్‌లు, కొన్ని ఊరివాళ్ళు నడుపుకునేవి. హోటల్ అనుకుని వెళ్తే నిరాశపడతావు, బంధువుల ఇల్లు అనుకుంటే హాయిగా ఉంటుంది. చెక్క గదులు, వరసగా మంచాలు, రెండేసి బరువైన రజాయిలు. పక్క గదిలో వాళ్ళు గురక పెట్టినా వినిపిస్తుంది. కరెంటు చాలాచోట్ల సోలారుదే, సాయంత్రం కొంతసేపే ఉంటుంది. ఫోన్ చార్జింగ్‌కి డబ్బు తీసుకుంటే బేరమాడకు. బకెట్ వేడినీళ్ళకి కూడా డబ్బు తీసుకుంటారు. ఆ నీళ్ళు ఎక్కడినుంచో మోసుకొచ్చి, కట్టెలు కాల్చి కాచినవి. స్నానం మానేసి తడిగుడ్డతో తుడుచుకుంటే సరిపోతుంది, అక్కడి చలిలో చెమట వాసన కూడా అంతగా రాదు. నవంబరులో పొద్దున్నే బయట పైపులో నీళ్ళు గడ్డకట్టి ఉంటాయి కాబట్టి రాత్రే ఒక సీసా నింపి మంచం దగ్గర పెట్టుకో.

హట్ చేరగానే షూస్ గుమ్మం దగ్గర విప్పి, పొడి సాక్సు వేసుకుని, వంటింట్లోకి రావచ్చా అని అడుగు. దాదాపు అందరూ రమ్మనే అంటారు. పొయ్యి చుట్టూ చిన్న పీటలుంటాయి. పొయ్యి పైన దూలానికి దారం కట్టి చుర్పీ ముక్కలు వేలాడదీస్తారు. అది చమరీ ఆవుపాలతో చేసే గట్టి జున్ను, పొగకి నల్లగా గట్టిపడిపోతుంది. ఒక ముక్క అడిగి తీసుకుని మర్నాడు నడుస్తూ బుగ్గన పెట్టుకో, గంటసేపు కరగదు. ఆ పొయ్యి దగ్గర గైడ్లు, డ్రైవర్లు, దీదీలు మాట్లాడుకునే మాటల్లోనే రేపు మబ్బు పడుతుందా లేదా, దారిలో ఎక్కడ జారుతోంది అన్న సంగతులన్నీ దొరుకుతాయి. నీ స్నేహితులు గదిలో దుప్పట్లో దూరి ఫోన్లు చూసుకుంటుంటే నువ్వు మాత్రం అక్కడే కూర్చో.

రాత్రి భోజనం ఏం కావాలో చేరిన వెంటనే చెప్పెయ్యాలి. ఒక్కసారే వండుతారు. అన్నం, పప్పు, బంగాళాదుంప కూర, ఆకుకూర, గుడ్డు. నీకు కారం తక్కువనిపిస్తుంది, చిన్న డబ్బాలో ఆవకాయ, కందిపొడి పట్టుకెళ్ళు. కాస్త దీదీకి కూడా పెట్టు, చాలా సంతోషిస్తారు. ఆకలి లేకపోయినా తినాలి. నీళ్ళు రోజుకి మూడు లీటర్లు తాగాలి, దాహం వేసేదాకా ఆగకూడదు. చిరుధాన్యం పులియబెట్టి చేసే తోంగ్బా అని వెదురు గొట్టంతో తాగే పానీయం ఇస్తారు. అదీ మద్యమే. ఎత్తులో ఉన్నన్నాళ్ళూ వద్దు, కింద గోర్ఖే ఊరికి దిగాక నీ ఇష్టం. అందరూ ఎనిమిదింటికల్లా పడుకుంటారు. ఆ తర్వాత వరండాలో పాటలు, బ్లూటూత్ స్పీకర్లు పెట్టనివ్వకు. తెల్లవారుజామున లేచి టీ కాచేది ఆ దీదీనే.

దారి సగం ఇండియా, సగం నేపాల్. టమ్లింగ్ నేపాల్ వైపుది. మనకి వీసా అక్కర్లేదు గానీ మధ్యలో ఎస్‌ఎస్‌బీ (మన సరిహద్దు కాపలా దళం) చెక్‌పోస్టుల్లో కార్డు చూస్తారు. ఒరిజినల్ ఓటరు కార్డు పైజేబులో ఉంచుకో. కాలాపోఖ్రీలో నల్లటి నీళ్ళ చిన్న కొలను ఉంది, అక్కడివాళ్ళకి అది పూజనీయం. అందులో కాళ్ళు కడగడం, బాటిల్ ముంచడం చేయొద్దు. రంగు జెండాలు కట్టిన చోట్ల, రాళ్ళగోడల దగ్గర వాటికి ఎడమ పక్కగా నడవాలి. గైడ్‌ని చూసి అలాగే నడువు. కంచన్‌జంగ కూడా వాళ్ళకి దేవుడే. 1955లో దాన్ని మొదట ఎక్కిన జో బ్రౌన్, జార్జ్ బ్యాండ్ సిక్కిం రాజుకిచ్చిన మాట ప్రకారం శిఖరానికి కొన్ని అడుగుల కింద ఆగిపోయారు. అంతటివాళ్ళే ఆగినప్పుడు, ఫొటో కోసం రాళ్ళగుట్ట మీదికి ఎక్కాల్సిన అవసరం మనకేముంది?

కాలాపోఖ్రీ దాటాక వచ్చే బికేభంజ్యాంగ్ నుంచి సందక్‌ఫూ వరకు నాలుగు కిలోమీటర్లు, దారి మొత్తంలో అన్నిటికంటే కష్టమైన ఎక్కుడు. తొందరపడకు. మర్నాడు చీకట్లోనే గైడ్ తలుపు కొడతాడు, ఇంకో ఐదు నిమిషాలు అనకుండా లే. ఉన్న బట్టలన్నీ వేసుకుని వెళ్ళు. ప్రపంచంలోని ఐదు పెద్ద శిఖరాల్లో నాలుగు అక్కడినుంచి కనిపిస్తాయి: ఎవరెస్టు, కంచన్‌జంగ, లోత్సే, మకాలు. కంచన్‌జంగ వరస పడుకున్న బుద్ధుడిలా ఉంటుంది, కుంభకర్ణ శిఖరం తల వైపు, పాండిమ్ పాదాల వైపు. మకాలు మనకి దగ్గరగా ఉండటంతో ఎవరెస్టు కంటే పెద్దగా కనిపిస్తుంది. ఏది ఏదో గైడ్‌ని అడుగు, ఓపిగ్గా చెబుతాడు. మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్ళకి ఎక్కింది ఆ ఎవరెస్టునే. ఎక్కేముందు డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థలో శిక్షణ కూడా తీసుకుంది. ఆ పిల్లని తలచుకోకుండా నేనెప్పుడూ ఆ కొండలవైపు చూడలేదు.

సందక్‌ఫూ నుంచి తర్వాతి మజిలీ ఫాలుత్ 21 కిలోమీటర్లు, ఎక్కువగా బయలు పచ్చిక. పొగమంచు కమ్మితే పది అడుగుల అవతల ఏముందో కనిపించదు, దారులు చీలిపోతుంటాయి. ఆ రోజు గైడ్‌ని కంటికి దూరం కానివ్వకండి. చమరీ ఆవులు, గుర్రాలు ఎదురొస్తే ఎప్పుడూ కొండ వైపే నిలబడి దారివ్వు, లోయ వైపు నిలబడకు. అక్కడినుంచి గోర్ఖేకి 15 కిలోమీటర్లు, దాదాపు అంతా దిగుడే. మోకాళ్ళకి అసలు పని ఆ రోజే. ముందు రోజు రాత్రే కాలిగోళ్ళు కత్తిరించుకో, లేకపోతే గోళ్ళు షూకి తగిలి నల్లబడతాయి.

దీనికి ఇప్పటినుంచే సిద్ధపడాలి. హైదరాబాదులో మీ అపార్ట్‌మెంట్ మెట్లే చాలు. భుజాన ఐదు కిలోల బ్యాగుతో ఎక్కు, లిఫ్టులో దిగకుండా నడిచే దిగు. అక్టోబరులో ఒకసారి తిరుపతి వెళ్ళి అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కి దర్శనం చేసుకో. తిరుగు దారిలో బస్సెక్కకుండా మెట్లమీదే దిగు. మర్నాడు తొడలు ఎలా ఉన్నాయో చూసుకుంటే నీకెంత ప్రాక్టీసు కావాలో తెలిసిపోతుంది.

కొనాల్సినవి తక్కువే. చీలమండ దాకా వచ్చే షూస్ ఇప్పుడే కొని రోజూ వేసుకుని తిరుగు, కొత్త షూస్‌తో కొండెక్కితే బొబ్బలు తప్పవు. జీన్స్, కాటన్ బనియన్లు వద్దు, చెమటకి తడిస్తే ఆరవు. లోపల థర్మల్, మధ్యలో ఫ్లీస్, పైన గాలి దూరని జాకెట్. టోపీ, గ్లవుజులు, తలకి పెట్టుకునే లైటు, ఓఆర్ఎస్, సన్‌స్క్రీన్. పవర్‌బ్యాంక్ రాత్రి దుప్పట్లో పెట్టుకో, చలికి చార్జి దిగిపోతుంది. పైన ఏటీఎంలు ఉండవు, చిన్న నోట్లు పట్టుకెళ్ళు. ప్యాడ్లు, రేపర్లు అన్నీ ఒక సంచిలో వేసుకుని కిందికి తెచ్చెయ్, కొండమీద పారేయకు. పెద్ద బ్యాగు పోర్టరుకి ఇస్తే ఆ మనిషి ఎంత బరువు మోస్తున్నాడో నువ్వే ఎత్తి చూడు. ఆయనకి చలికోటు ఉందా, రాత్రి భోజనం, పడక ఎవరి ఖర్చు అన్నవి బయల్దేరే ముందే గైడ్ దగ్గర తేల్చుకోండి. ఆఖరి రోజు శ్రీఖోలాలో వాళ్ళిద్దరికీ ఇచ్చే డబ్బు అందరూ కలిసి విడిగా తీసి కవర్లో పెట్టి, ఎవరిది వాళ్ళ చేతికే ఇవ్వండి.

చేతికర్రలు కొనకు. నావి రెండూ వచ్చే ఆదివారం అన్నయ్యతో పంపిస్తాను. కింద రబ్బరు టోపీలు అరిగిపోయాయి, కొత్తవి వేయించుకో. పొడవు నీ మోచేతి ఎత్తుకి సరిచేసుకో, దిగేటప్పుడు కొంచెం పెంచుకోవాలి.

ప్రేమతో,
అత్త
విశాఖపట్నం