ఓటు మానేసిన తండ్రి, ఓటర్లను చదువుతానంటున్న కూతురు

ప్రశ్న: మా అమ్మాయి రాజనీతి శాస్త్రంతో డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. జనం రాజకీయాల్లో ఎందుకు పాల్గొంటారు, ఎందుకు దూరమవుతారు అన్న అంశంపై పీజీ, ఆ తర్వాత పీహెచ్‌డీ చేస్తానంటోంది. స్నేహితులేమో ఎన్నికల కన్సల్టెన్సీలో చేరమంటున్నారు. రెండింటిలో ఏది మేలు? మా ఇంట్లో రాజకీయాలు మాట్లాడుకోం. ఒకసారి జాబితాలో పేరు లేదని నన్ను పోలింగ్ కేంద్రం నుంచి వెనక్కి పంపేశారు. ఆ తర్వాత నేను ఓటు వేయలేదు. ఈ బురదలో అమ్మాయి దిగకుండా ఎలా నచ్చజెప్పాలి?
– ఒక తండ్రి

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు అడ్మిషన్ల సమయంలో ప్రతి ఏడూ వస్తాయి. ఏ కోర్సు మేలు అని అడుగుతారు, అసలు టెన్షన్ చివరి వాక్యంలో ఉంటుంది. మీదీ అంతే. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

రాజకీయాలను చదవడం వేరు, రాజకీయాల్లో దిగడం వేరు. మీ అమ్మాయి చేయబోయేది ప్రశ్నావళి తయారు చేయడం, శాంపిల్ ఎంచుకోవడం, తలుపు తట్టి మనుషులు చెప్పేది ఓపికగా వినడం, వచ్చిన అంకెలతో నెలల తరబడి కుస్తీ పట్టడం. జెండా పట్టుకోవాల్సిన అవసరం ఎక్కడా రాదు. ఈ విషయంలో ధైర్యంగా ఉండండి.

తను ఎంచుకున్న ప్రశ్న కూడా చిన్నదేం కాదు. లక్షల ఓట్లలో ఒక్క ఓటుతో ఫలితం తారుమారయ్యే అవకాశం దాదాపు సున్నా, వెళ్లి రావడానికి పట్టే సమయం మాత్రం ఖాయం, మరి మనుషులు ఎందుకు వెళ్తున్నారు? 1957లో ఆంథోనీ డౌన్స్ అనే ఆర్థికవేత్త వేసిన ఈ చిక్కుముడితో పరిశోధకులు ఇంకా తంటాలు పడుతున్నారు. పాల్గొననివాళ్ల గురించి 1995లో సిడ్నీ వెర్బా, ఇద్దరు సహ పరిశోధకులు అమెరికా సర్వేల ఆధారంగా మూడు కారణాలు చెప్పారు. వీలు లేకపోవడం, ఇష్టం లేకపోవడం, ఎవరూ పిలవకపోవడం. నన్ను బాగా ఆలోచింపజేసేది మూడోది. 1998లో అమెరికాలోని న్యూ హేవెన్ నగరంలో అలన్ గెర్బర్, డోనాల్డ్ గ్రీన్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. ఇంటికి వెళ్లి ఎదురుగా నిలబడి ఓటేయమని అడిగితే పోలింగ్ పెరిగింది. అదే మాట ఫోన్లో చెప్పిస్తే ఫలితం లేదు.

దూరం కావడం గురించి నేను పిల్లలకు తప్పకుండా చెప్పే ఊరు ఒకటుంది. ఆస్ట్రియాలోని మారియెన్‌తాల్. అక్కడ బట్టల మిల్లు మూతపడి దాదాపు ఊరంతా పని పోగొట్టుకుంది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే ముగ్గురు పరిశోధకులు ఆ ఊరిని పరిశీలించి 1933లో ఫలితాలు ప్రచురించారు. చేతినిండా తీరిక, కడుపునిండా కోపం ఉన్నవాళ్లు రాజకీయాల్లోకి ఉరుకుతారని ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు. లైబ్రరీలో పుస్తకాలు తీసుకునేవాళ్లు తగ్గారు, పార్టీ పత్రికకు చందాలు తగ్గాయి, రాజకీయ సంఘాల్లో సభ్యులు తగ్గారు. వీధిలో మగవాళ్ల నడక వేగాన్ని సైతం కొలిచారు. అదీ మందగించింది. ఆశ పోయినవాడు ముందు బయటి ప్రపంచంతో మాట మానేస్తాడు. ఇంతటి విషయం అర్థం చేసుకోవాలనుకునే పిల్లను ఆపడానికి నాకైతే మనసు రాదు.

ఆ ముగ్గురిలో లాజర్స్‌ఫెల్డ్ డాక్టరేట్ గణితంలో. తర్వాత ఆయన అమెరికా వెళ్లి, 1940 అధ్యక్ష ఎన్నికల సమయంలో ఒహాయోలోని ఈరీ కౌంటీలో ఒకే ఓటర్లను నెలల పాటు మళ్లీ మళ్లీ కలిసి అడిగే పద్ధతితో ఓటింగ్ పరిశోధనకు దారి వేశాడు. కాబట్టి అమ్మాయికి నా సలహా ఇది: స్టాటిస్టిక్స్‌కు భయపడకు, ఈ సెలవుల్లోనే మొదలుపెట్టు. పీహెచ్‌డీ పూర్తి కాకపోయినా సర్వే సంస్థలు, మీడియా, స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ పథకాల మూల్యాంకనం, ఇలా ఎక్కడైనా ఆ నైపుణ్యానికి గిరాకీ ఉంది.

ఇక కన్సల్టెన్సీ. దీని మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. వార్ రూమ్, డేటా, పెద్ద నాయకులతో మీటింగులు అంటే ఇరవై ఏళ్ల వయసులో ఎవరికైనా కళ్లు మెరుస్తాయి. కానీ ఎన్నికలు అయిపోగానే చాలామంది కాంట్రాక్టులు కూడా అయిపోతాయి. నువ్వు సేకరించిన డేటా నీది కాదు, దాంతో ఒక్క వ్యాసం రాసుకోలేవు. అంతకంటే ముఖ్యం, అక్కడ 'ఈ మనిషి ఎందుకు దూరమయ్యాడు' అని అడగరు. మన ఓటరా, కాదా అని అడుగుతారు. మన ఓటరు కాకపోతే అతను ఇంట్లోనే ఉండిపోవడం ఆ సంస్థకు లాభం. మీ అమ్మాయి ప్రశ్నకూ ఆ ఉద్యోగానికీ పొత్తు కుదరదు. గెలిపించామని చెప్పుకునే గొప్పలనూ నేను అంత తేలిగ్గా నమ్మను. జాషువా కల్లా, డేవిడ్ బ్రూక్‌మన్ అమెరికాలో జరిగిన 49 క్షేత్ర ప్రయోగాలను కలిపి చూసి 2018లో చెప్పిందేమిటంటే, సార్వత్రిక ఎన్నికల్లో ప్రచారం వల్ల ఓటరు అభ్యర్థిని మార్చుకోవడం సగటున సున్నా. ఫీల్డ్ వర్క్ నేర్చుకోవడానికి ఆరు నెలల ఇంటర్న్‌షిప్ అంటే సరే. కెరీర్‌గా మాత్రం వద్దనే అంటాను.

మీతో కూడా ఒక మాట సూటిగా చెప్పాలి. మీరు రాజకీయాలను బురద అంటున్నారు, కానీ మీరు ఓటు మానేసింది బురద చూసి కాదు. వేయడానికే వెళ్లారు. పేరు లేదన్నారు, మనసు విరిగింది. అది అన్యాయమే, మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ పేరు మళ్లీ చేర్పించుకోవడానికి ఇన్నేళ్లలో ఒక్కరోజు కేటాయించలేదు మీరు. వీలు లేకపోవడంతో మొదలైంది ఇష్టం లేకపోవడంగా గట్టిపడింది. ఓటు ఒక అలవాటు, ఒకసారి తప్పితే రెండోసారి తప్పడం సులువు. ఆ అలవాటు ఇంట్లోనే అంటుతుందనీ, ఓటేసే తల్లిదండ్రుల పిల్లలు ఓటేసే అవకాశం ఎక్కువనీ సర్వేలు పదే పదే చెప్పాయి. ఇంట్లో ఆ ఊసే ఎత్తకుండా పెంచి, ఇప్పుడు అమ్మాయి సొంతంగా ఆ దారి వెతుక్కుంటే అడ్డం పడటం న్యాయమా?

తను ఏదో ఒకరోజు ప్రశ్నావళి తయారు చేస్తుంది. మొదటి ఇంటర్వ్యూ మీరే ఇవ్వండి. ఆ రోజు ఎంతసేపు వరుసలో నిల్చున్నారో, పేరు లేదని ఎవరు చెప్పారో, ఇంటికి తిరిగొస్తూ ఏమనుకున్నారో దాచుకోకుండా చెప్పండి.